ఇంగ్లిష్ పాఠంలోనే సామాజిక, భావోద్వేగ అభ్యసనం: ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు దశలవారీ మార్గదర్శి

తన భావాలను గుర్తించి అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారి భావాలను అర్థం చేసుకోవడం, బాధ్యతగా నిర్ణయాలు తీసుకోవడం నేర్చుకోవడమే సామాజిక, భావోద్వేగ అభ్యసనం. దాన్ని ఇంగ్లిష్ పాఠంలో ఎలా కలపాలని నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉపాధ్యాయులు పదేపదే అడుగుతున్నారు. శిక్షణ తరగతుల్లో ఆ మాట వింటారు, అందులోని ఐదు నైపుణ్యాల పట్టికనూ రాసుకుంటారు. తీరా ఎనిమిదో తరగతి గదిలో నలభై మంది పిల్లల ముందు నిలబడి, ఇంకా రెండు యూనిట్లు మిగిలి ఉన్నాయని గుర్తొచ్చినప్పుడు ఆ పట్టికతో ఏం చేయాలో తోచదు.

ఈ మార్గదర్శి 6 నుంచి 10 తరగతుల వరకు ఇంగ్లిష్ చెప్పే ప్రభుత్వ, జిల్లా పరిషత్ పాఠశాలల ఉపాధ్యాయుల కోసం రాసినది. దీనికి అదనపు పీరియడ్ గాని, ప్రొజెక్టర్ గాని అవసరం లేదు. మీ చేతిలో ఉన్న పాఠ్యపుస్తకం, నల్లబల్ల, పిల్లల నోటు పుస్తకాలు చాలు.

కింది దశలన్నీ రెండు నియమాల మీద ఆధారపడి ఉన్నాయి. మొదటిది, ప్రతి కృత్యానికీ ఒక భాషా లక్ష్యం, ఒక భావోద్వేగ లక్ష్యం రెండూ ఉండాలి. భాషా లక్ష్యం లేని కృత్యం ఎంత మంచిదైనా ఇంగ్లిష్ పీరియడ్‌లో దానికి చోటు లేదు.

రెండోది, ప్రథమ పురుషతో మొదలుపెట్టి ఉత్తమ పురుషకు రావాలి. అంటే ముందు కథలోని పాత్రకు ఏమనిపించిందో, తరువాత మన ఊళ్లో అలాంటి స్థితిలో ఉన్న మనిషికి ఏమనిపిస్తుందో, ఆ రెండూ అయ్యాకే ‘నాకు’ ఏమనిపిస్తున్నదో చెప్పించాలి. ఈ వరుసను తలకిందులు చేసి, మొదటి రోజే పిల్లవాణ్ని నిలబెట్టి ‘నీ బాధ చెప్పు’ అంటే వాడు తల దించుకుంటాడు, మిగిలినవాళ్లు నవ్వుతారు. ఆ తరువాత ఎన్ని వారాలు కష్టపడినా ఆ గదిలో నోరు విప్పించడం కష్టం.

1. ఏ నైపుణ్యానికి ఏ భాష జత పడుతుందో ముందుగా నిర్ణయించుకోవాలి

ఈ రంగంలో ఎక్కువ మంది అనుసరించే చట్రం అమెరికాలో 1994లో ఏర్పడిన కాసెల్ సంస్థది. అందులో ఐదు నైపుణ్యాలు ఉన్నాయి. వాటిని యథాతథంగా పిల్లలకు వివరించనక్కరలేదు. ఒక్కొక్కదానికీ ఇంగ్లిష్‌లో ఏ వాక్య నిర్మాణం సహజంగా పనికొస్తుందో మీకు తెలిస్తే సరిపోతుంది.

- స్వీయ అవగాహన: భావాలను తెలిపే విశేషణాలు, ‘బికాజ్’తో కారణం చెప్పే వాక్యాలు.
- స్వీయ నియంత్రణ: ‘వెన్ ఐ యామ్ యాంగ్రీ, ఐ...’ అనే అలవాటు వాక్యాలు, ‘ఐ విల్...’ అనే నిశ్చయ వాక్యాలు.
- సామాజిక అవగాహన: ‘షి మే బి...’, ‘హి మైట్ బి...’ వంటి ఊహా వాక్యాలు, ఒకరి మాటను మరొకరు చెప్పే పరోక్ష కథనం.
- సంబంధాల నైపుణ్యం: అభ్యర్థన, క్షమాపణ, మర్యాదగా విభేదించడం.
- బాధ్యతతో నిర్ణయం తీసుకోవడం: ‘ఇఫ్’ వాక్యాలు, ‘షుడ్’, రెండింటిని పోల్చి చెప్పడం.

ఒక యూనిట్‌కు ఒక్క నైపుణ్యమే తీసుకోండి. 6, 7 తరగతులకు మొదటిది, నాలుగోది తేలికగా అందుతాయి. ‘ఇఫ్’ వాక్యాలు పాఠ్యాంశంలో గట్టిగా వచ్చే 9, 10 తరగతులకు ఐదోదాన్ని ఉంచండి. వ్యాకరణం ఎలాగూ చెప్పాలి కనుక, ఆ వ్యాకరణానికి సరిపోయే నైపుణ్యాన్ని వెతుక్కోవడమే తెలివైన పద్ధతి. నైపుణ్యాన్ని ముందు ఎంచుకొని దానికోసం వ్యాకరణాన్ని లాక్కొస్తే పాఠం సాగదు.

2. మీ తరగతిలో ఎవరున్నారో తెలుసుకోవాలి

యూనిట్ మొదలయ్యే వారం ముందు తరగతి ఉపాధ్యాయుణ్ని, ప్రధానోపాధ్యాయుణ్ని అడిగి కొన్ని విషయాలు తెలుసుకోండి. కనిగిరి, పామూరు వైపు తల్లిదండ్రులు పనుల కోసం వలస వెళితే అవ్వా తాతల దగ్గర ఉండి చదివే పిల్లలు ఉంటారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికుల పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది కావచ్చు. కోస్తా మండలాల్లో రొయ్యల చెరువుల పట్టుబడి రోజుల్లో హాజరు పడిపోతుంది. ఇంట్లో మొదటిసారి బడిమెట్లు ఎక్కిన యానాది కుటుంబాల పిల్లలకు తరగతి గదే ఇంకా కొత్త.

ఈ సమాచారం పిల్లల ముందు బయటపెట్టడానికి కాదు, మీ ప్రశ్నలను సరిచూసుకోవడానికి. తండ్రి లేని పిల్లవాడు కూర్చున్న గదిలో ‘మై ఫాదర్’ వ్యాసం ఇవ్వడం ఏటా జరిగే పొరపాటు. ‘ఎ పర్సన్ హూ టేక్స్ కేర్ ఆఫ్ మి’ అని శీర్షిక మారిస్తే భాషా లక్ష్యం ఏమాత్రం తగ్గదు, పైగా ‘హూ’ వాక్యం ఉచితంగా వస్తుంది.

ముందస్తు సరిచూపు:

- ఇటీవల ఇంట్లో మరణం, విడిపోవడం, పెద్ద అప్పు వంటి కష్టం ఎదుర్కొన్న పిల్లలు ఎవరో తెలుసా?
- తెలుగు రాయడంలోనే వెనుకబడినవారు ఎవరు? వారికి బొమ్మ గీసి, ఒక్క పదం రాసే అవకాశం ఉందా?
- నత్తి, వినికిడి లోపం ఉన్నవారి పక్కన ఓపిక గల జంట కూర్చున్నదా?
- పాఠంలోని ఏ సంఘటన అయినా గదిలోని ఎవరికైనా సరిగ్గా తగిలేదిగా ఉందా?

3. తరగతి కట్టుబాట్లను ఇంగ్లిష్‌లోనే పెట్టాలి

నాలుగు వాక్యాలు చాలు. వాటిని పిల్లల చేతనే చార్టు మీద రాయించి గోడకు అంటించండి.

- ‘ఐ కెన్ సే పాస్.’ చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేసే హక్కు అందరికీ ఉంటుంది.
- ‘వి డోంట్ లాఫ్ ఎట్ మిస్టేక్స్.’
- ‘ఐ కెన్ ఆస్క్ ఇన్ తెలుగు.’
- ‘వి డోంట్ టీజ్ ఎనీవన్ అబౌట్ దేర్ స్టోరీ.’

‘ఇక్కడ చెప్పినదేదీ బయటికి వెళ్లదు’ అని మాత్రం హామీ ఇవ్వకండి. అది మీరు నిలబెట్టుకోలేని సందర్భం రావచ్చు, దాని గురించి పదకొండో దశలో వివరంగా ఉంది.

ఉపాధ్యాయుడు కూడా ఈ కట్టుబాట్లకు లోబడి ఉండాలి. మీ ఉచ్చారణను పిల్లలు ప్రశ్నించినప్పుడు నిఘంటువు తెరిచి చూపిస్తే రెండో వాక్యానికి విలువ వస్తుంది.

4. భావాలకు మాటలు ఇవ్వాలి

పిల్లలకు ఇంగ్లిష్‌లో తెలిసిన భావాలు సాధారణంగా మూడే: హ్యాపీ, శాడ్, యాంగ్రీ. ఆ మూడింటితో ఏ చర్చా ముందుకు పోదు. కనుక మొదటి రెండు వారాలు పదజాలానికే కేటాయించండి, కానీ పదాల జాబితా ఇచ్చి బట్టీ పట్టించకండి.

ముందు తెలుగులో పోగు చేయండి. ‘పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చే రోజు ఎవరెవరికి ఎలా ఉంటుంది?’ అని అడిగితే బెరుకు, దిగులు, నిరాశ, కుళ్లు, సంబరం, ఊరట వంటి మాటలు వాళ్ల నోటి నుంచే వస్తాయి. వాటిని బల్ల మీద ఎడమవైపు రాసి, కుడివైపు ఇంగ్లిష్ మాటలు చేర్చండి: నర్వస్, వరీడ్, డిసపాయింటెడ్, జెలస్, ఎక్సైటెడ్, రిలీవ్డ్. వాటికి ప్రౌడ్, లోన్లీ, ఎంబరాస్డ్, కన్ఫ్యూజ్డ్ కలిపితే పది అవుతాయి. ఒక టర్మ్‌కు ఈ పది సరిపోతాయి.

కొన్నింటికి జత మాట దొరకదు. అమ్మ మీద బెంగ పెట్టుకున్న పిల్లకు విశేషణం వెతికి ఇవ్వనక్కరలేదు, ‘ఐ మిస్ మై మదర్’ అన్న వాక్యం ఇవ్వండి.

ప్రతి పదాన్నీ దాని వెంట వచ్చే విభక్తితో సహా నేర్పాలి. ‘ప్రౌడ్ ఆఫ్’, ‘వరీడ్ అబౌట్’, ‘జెలస్ ఆఫ్’, మనిషి మీదైతే ‘యాంగ్రీ విత్’. విడిగా నేర్పిన పదం వాక్యంలో నిలబడదు.

తెలుగు పిల్లలు ఇక్కడ చేసే తప్పులు దాదాపు ఊహించదగినవే, కాబట్టి ముందుగానే సిద్ధపడవచ్చు.

- ‘ఐ శాడ్’ అని క్రియ లేకుండా రాస్తారు. ‘నేను విద్యార్థిని’ అనే తెలుగు వాక్యానికి క్రియ అక్కరలేదు కనుక ఇది సహజం. ‘ఐ యామ్’, ‘ఐ ఫీల్’ అన్న రెండు మొదళ్లను గోడ మీద రాసి ఉంచండి.
- ‘టు మి యాంగర్ కేమ్’ అంటారు. మనకు కోపం ‘వస్తుంది’, భయం ‘వేస్తుంది’. ఇంగ్లిష్‌లో మనిషే కర్తగా మొదట నిలుస్తాడని చూపించి, ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ వజ్ అఫ్రెయిడ్’ అని మార్పించండి.
- ‘ఐ యామ్ బోరింగ్’ అంటారు. విసుగు పుట్టించేది ‘బోరింగ్’, విసుగు పొందేవారు ‘బోర్డ్’. ‘ద లెసన్ ఈజ్ బోరింగ్, సో ఐ యామ్ బోర్డ్’ అన్న ఉదాహరణకు తరగతి నవ్వుతుంది, మరచిపోదు.
- ‘ఐ యామ్ టెన్షన్’ అంటారు. దిద్దేముందు, అది రేపటి పరీక్ష గురించిన ‘వరీ’నా, ఇప్పుడే మాట్లాడబోతున్నందుకు ‘నర్వస్‌’నా అని అడగండి. ఆ ఎంపిక చేసుకోవడంలోనే స్వీయ అవగాహన, పదజాలం రెండూ ఉన్నాయి.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన, భావోద్వేగ నైపుణ్యాలు నేర్పే రూలర్ పద్ధతిలో మూడ్ మీటర్ అనే నాలుగు గళ్ల పటం ఉంది. అడ్డగీత మీద మనసుకు హాయి ఎంత ఉందో, నిలువుగీత మీద ఉత్సాహం ఎంత ఉందో గుర్తిస్తారు. ఉత్సాహం ఎక్కువై హాయి తక్కువైతే కోపం, ఆందోళన వంటివి, రెండూ తక్కువైతే దిగులు, ఒంటరితనం వంటివి. దీన్ని నోటు పుస్తకం చివరి పుటలో గీయించి, తన చుక్కను తానే పెట్టుకొనేలా చేయండి. గోడ మీద అందరి పేర్లతో పెట్టడం నాకు సమ్మతం కాదు. పిల్లవాడి దిగులు తరగతికంతటికీ ప్రకటన కాకూడదు.

5. పాఠాన్ని ఐదు ప్రశ్నల గొలుసుతో చదివించాలి

కథ, జీవిత చరిత్ర, పద్యం ఏదైనా సరే, ఈ ఐదు ప్రశ్నలు ఇదే వరుసలో అడగండి.

1. ఏం జరిగింది? జవాబు సాధారణ భూతకాలంలో ఉండాలి.
2. ఆ పాత్రకు ఏమనిపించింది? ‘షి ఫెల్ట్... బికాజ్...’
3. నీకెలా తెలుసు? పాఠంలో ఏ వాక్యం ఆ సంగతి చెబుతున్నది?
4. ఆ పాత్ర ఏం చేసింది?
5. ఇంకేం చేసి ఉండవచ్చు? 9, 10 తరగతులకు ‘షి కుడ్ హావ్...’, చిన్న తరగతులకు ‘షి కెన్...’

మూడో ప్రశ్నను వదిలేస్తే మిగిలిన నాలుగూ కాలక్షేపంగా మారతాయి. పిల్లలు ప్రతి పాత్రకూ ‘శాడ్’ అని చెప్పి కూర్చుంటారు. పుట సంఖ్య, వరుస సంఖ్య చెప్పి, ఆ వాక్యాన్ని పైకి చదవమంటే, ఆ పాత్ర ఏడవలేదని, పళ్లు బిగించిందని, కనుక అది దుఃఖం కాదు ఉక్రోషమని వాళ్లే గమనిస్తారు. పరీక్షలో చదివి అర్థం చేసుకొనే ప్రశ్నలకు కావలసిన సాధన కూడా ఇదే.

పాఠంలోని పాత్ర ద్వారా సొంత బతుకును చూసుకోవడం నెల్లూరు జిల్లాకు కొత్తేమీ కాదు. 1990ల మొదట్లో దూబగుంట మహిళలను సారా వ్యతిరేక పోరాటంలోకి దింపినది అక్షరాస్యతా వాచకంలోని సీతమ్మ అనే స్త్రీ కథే. అక్కడ కూడా వరుస ఇదే: ముందు సీతమ్మ, ఆ తరువాతే ‘మా ఇల్లు’.

పాత్ర తరువాతి మెట్టు ఊరి మనిషి. 2021 నవంబరు పెన్నా వరదల్లో ఇల్లు మునిగిన కుటుంబం, ధర పడిపోయి పొగాకు అమ్ముకోలేని రైతు, సెలవుకు మాత్రమే ఇంటికి వచ్చే తల్లి కోసం చూసే పిల్ల. పేర్లు లేకుండా రెండు వాక్యాల్లో సందర్భం చెప్పి, రెండో ప్రశ్న, ఐదో ప్రశ్న అడగండి. ‘హి మైట్ బి వరీడ్ అబౌట్ హిజ్ లోన్’ వంటి వాక్యాలు రావాలి. వరదలో ఇల్లు మునిగిన పిల్లలే గదిలో ఉంటే ఆ సందర్భాన్ని వదిలి మరొకటి తీసుకోండి.

సొంత భావానికి సంబంధించిన వాక్యం యూనిట్ చివరి రెండు పీరియడ్లలోనే, అదీ మొదట రాతలోనే అడగాలి.

6. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌ను ఇలా విడగొట్టుకోవాలి

మొదటి నాలుగు నిమిషాలు ప్రవేశానికి. పిల్లలు నోటు పుస్తకంలో ఒక భావ పదం, ఒక ‘బికాజ్’ వాక్యం రాస్తారు. ఇష్టమైన ఇద్దరు చదువుతారు, మిగిలినవి అలాగే ఉంటాయి. తరువాతి ఎనిమిది నిమిషాలు ఆనాటి వాక్య నిర్మాణానికి, పదమూడు నిమిషాలు పాఠ్యభాగ పఠనానికి, ఐదు ప్రశ్నలకు. పన్నెండు నిమిషాలు జంట సంభాషణకు, ఆరు నిమిషాలు రాతకు. మిగిలిన రెండు నిమిషాల్లో ‘టుడే ఐ లర్న్డ్...’ అన్న ఒక్క వాక్యం.

వారానికి రెండు పీరియడ్లు ఇలా నడిపితే చాలు. సిలబస్ వెనకబడుతుందన్న భయం ఉంటే, కొత్త కృత్యాలు చేర్చకుండా పాఠం చివరి ప్రశ్నలనే ఈ వరుసలో అడగండి.

గదిలోకి వెళ్లేముందు:

- ఈరోజు భాషా లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాసుకున్నానా?
- భావోద్వేగ లక్ష్యం ఆ వాక్య నిర్మాణంతోనే సాధ్యమా?
- వాక్యాల మొదళ్లు బల్ల మీద రాయడానికి సిద్ధంగా ఉన్నాయా?
- ‘పాస్’ అన్నవారికి రాసే పని ఉందా?

7. తగాదా, అభ్యర్థన, క్షమాపణ: మాట్లాడించే పద్ధతి

పిల్లలు ఇంగ్లిష్‌లో ‘గివ్ మి పెన్’ అంటే మొరటుగా వినిపిస్తుంది, కానీ వాళ్లు మొరటువాళ్లు కారు. తెలుగులో ‘ఇవ్వు’, ‘ఇవ్వండి’, ‘ఇస్తారా’ అని క్రియలోనే మర్యాద చూపుతాం. ఇంగ్లిష్ క్రియలో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి మూడు మెట్లు కట్టి చూపండి: స్నేహితుడికి ‘కెన్ ఐ టేక్ యువర్ పెన్?’, తెలియనివారికి ‘కుడ్ యు గివ్ మి యువర్ పెన్, ప్లీజ్?’, పెద్దవారికి ‘మే ఐ బారో యువర్ పెన్, సర్?’ ఒకే పెన్ను కోసం తోటి పిల్లవాణ్ని, బస్సు కండక్టరును, ప్రధానోపాధ్యాయుణ్ని అడిగినట్టు నటింపజేస్తే తేడా చెవికి తెలుస్తుంది.

తగాదాకు నాలుగు అంశాల చట్రం నేర్పండి: జరిగినది, నాకు అనిపించినది, నాకు కావలసి ఉన్నది, నేను అడుగుతున్నది.

‘వెన్ యు టుక్ మై బుక్, ఐ ఫెల్ట్ యాంగ్రీ. ఐ నీడెడ్ ఇట్ ఫర్ ద టెస్ట్. ప్లీజ్ ఆస్క్ మి నెక్స్ట్ టైమ్.’

ఎదుటివారి జవాబు: ‘ఐ యామ్ సారీ ఫర్ టేకింగ్ యువర్ బుక్. ఐ విల్ ఆస్క్ నెక్స్ట్ టైమ్.’ ఒట్టి ‘సారీ’తో వదలకూడదు. ‘ఫర్’ తరువాత ‘ఇంగ్’ రూపంతో చేసిన పనిని పేరు పెట్టి చెప్పినప్పుడే అది క్షమాపణ అవుతుంది, వ్యాకరణమూ పూర్తవుతుంది.

మొదటి వాక్యంలో నింద చొరబడకుండా చూడండి. ‘యు ఆల్వేస్ స్టీల్ మై బుక్’ అనడం నింద, ‘యు టుక్ మై బుక్ ఎస్టర్‌డే’ అనడం సంఘటన. ‘ఆల్వేస్’, ‘నెవర్’ అనే రెండు మాటలను ఈ కృత్యంలో నిషేధించండి. పిల్లలు వాటి కోసం కాపు కాసి ఒకరినొకరు పట్టుకుంటారు, అభ్యాసానికి అది మంచిదే.

సందర్భాలు దగ్గరివి తీసుకోండి: ఉదయపు బస్సులో సీటు, మధ్యాహ్న భోజనం వరుసలో తోపులాట, కబడ్డీ జట్టులో చోటు దక్కకపోవడం, ఇచ్చిన సైకిల్ ఆలస్యంగా తిరిగిరావడం. ఒకసారి నటించాక పాత్రలు మార్చండి. సీటు లాక్కున్నవాడే ఇప్పుడు సీటు పోగొట్టుకున్నవాడు కావాలి.

తరగతిలో ఇప్పుడు నిజంగా నడుస్తున్న గొడవను నాటికగా వేయించవద్దు. కులాన్ని, ఒంటిరంగును, నత్తిని పట్టుకొని పెట్టిన మారుపేర్లను అసలే వేయించవద్దు. నటనలో కూడా ఆ మాట ఆ పిల్లవాడి చెవిన మరోసారి పడటమే అవుతుంది. అటువంటివాటిని ఉపాధ్యాయుడు నేరుగా, గట్టిగా, విడిగా పిలిచి ఆపాలి.

8. రాయించడం: రొట్టెల పండుగను పాఠంగా మలచుకోవడం

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మొహర్రం సందర్భంగా జరిగే రొట్టెల పండుగ ఈ పనికి చక్కగా అమరుతుంది. కోరిక ఉన్నవారు, అదే కోరిక తీరినవారి నుంచి రొట్టె తీసుకుంటారు. తమ కోరిక తీరాక మరుసటి ఏడు రొట్టె తెచ్చి మరొకరికి ఇస్తారు. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె అని వాటికి పేర్లు. మతంతో సంబంధం లేకుండా అందరూ వస్తారు కనుక గదిలో ఎవరినీ పక్కన పెట్టినట్టు కాదు.

ఇందులో మూడు భాషా లక్ష్యాలు ఉన్నాయి: కోరికను చెప్పడం, గడిచిన ఏటి కోరికను భూతకాలంలో చెప్పడం, కృతజ్ఞత చెప్పడం. రెండు పీరియడ్లలో ఇలా చేయండి.

మొదటి పీరియడ్‌లో కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, ఒక ఊహా వ్యక్తి కోరికను మూడు వాక్యాల్లో రాయిస్తారు. ‘షి వాంట్స్ టు బికమ్ ఎ నర్స్. షి ఈజ్ వరీడ్ అబౌట్ ద ఫీజు. షి హోప్స్ టు గెట్ ఎ స్కాలర్‌షిప్.’ ఇక్కడ ‘హోప్’కూ ‘విష్’కూ తేడా చెప్పాలి. జరిగే అవకాశం ఉన్నదానికి ‘ఐ హోప్ ఐ పాస్’, ఇప్పుడు లేనిదానికి ‘ఐ విష్ ఐ హ్యాడ్ ఎ సైకిల్’. రెండోదానిలో భూతకాల రూపం ఎందుకొచ్చిందన్నది 8వ తరగతి వరకు వివరించనక్కరలేదు, వాక్యంగా అలవాటు చేస్తే చాలు.

రెండో పీరియడ్‌లో కాగితపు రొట్టెలను మార్చుకుంటారు. అందుకున్నవారు, ఆ కోరిక ఇప్పటికే తీరిన మనిషిగా ఊహించుకొని జవాబు రాయాలి. ‘లాస్ట్ ఇయర్ ఐ వాంటెడ్ ద సేమ్ థింగ్. ఐ వజ్ నర్వస్. మై టీచర్ హెల్ప్డ్ మి. యు కెన్ ఆస్క్ యువర్ టీచర్.’ ఎదుటివాడి ఆందోళనను చదివి, దానికి తగిన మాట రాయడం ఇందులోని అసలు సాధన. ‘డోంట్ వరీ’ అని ఒక్క ముక్క రాసి ఇచ్చినవారిని వెనక్కి పంపండి. ఎందుకు దిగులు పడనక్కరలేదో, ఏం చేయవచ్చో రాసి తీరాలి.

తన సొంత కోరిక రాయాలనుకున్నవారు పేరు లేకుండా రాసి మీకే ఇవ్వవచ్చు. అలా వచ్చినవాటిని ఎర్ర సిరాతో దిద్దకుండా, కింద రెండు వాక్యాల జవాబు రాసి ఉంచండి. ఎవరిదో వారే వచ్చి తీసుకుంటారు.

పండుగ చూడని పశ్చిమ ప్రాంతపు పిల్లలకు వలస వెళ్లిన అమ్మకో నాన్నకో రాసే వాట్సాప్ సందేశం కూడా ఇదే పని చేస్తుంది. బడిలో ఇంగ్లిష్‌లో రాసి, ఇంటికి వెళ్లి తెలుగులో పంపుకోవచ్చు.

9. తప్పులు దిద్దే సమయం, పద్ధతి

పిల్లవాడు ఒక భావం చెబుతుండగా వ్యాకరణం కోసం ఆపకూడదు. ‘యెస్టర్‌డే ఐ యామ్ వెరీ లోన్లీ’ అన్నప్పుడు, ‘ఓ, యు వర్ లోన్లీ ఎస్టర్‌డే. వాట్ హ్యాపెన్డ్?’ అని సరైన రూపాన్ని మీ మాటలోనే వినిపించండి. పక్కన చిన్న పుస్తకంలో తప్పులు రాసుకొని, పీరియడ్ చివర మూడింటిని మాత్రం, ఎవరివో చెప్పకుండా బల్ల మీద రాసి అందరి చేత దిద్దించండి.

ఆందోళన, అవమాన భయం ఎక్కువైనప్పుడు విన్న భాష కూడా లోపలికి ఇంకదని భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980లలో ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన మీద వాదాలు ఉన్నా, వెనుక బెంచీని చూసినవారెవరికైనా అది చెప్పేది అర్థమవుతుంది.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా దిద్దుబాటులో భాగమే. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తాయని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చేసిన పరిశీలనల్లో తేలింది. రెండో భాషలో భావం చెప్పాలంటే మూడు కూడా తక్కువే. మనసులో ఐదు లెక్కపెట్టండి.

10. మూల్యాంకనం

భావాలకు మార్కులు వేయకూడదు. ‘కారణం పూర్తి వాక్యంలో చెప్పాడా, విశేషణం సరైన రూపంలో ఉందా, విభక్తి కుదిరిందా’ అన్నవాటికే మార్కులు. ‘ఐ ఫీల్ జెలస్’ అని నిజం రాసిన పిల్లకు, ‘ఐ ఫీల్ హ్యాపీ’ అని అబద్ధం రాసిన పిల్ల కంటే తక్కువ మార్కులు వస్తే రెండోసారి ఎవరూ నిజం రాయరు.

మిగిలినదానికి పరిశీలన పుస్తకం పెట్టుకోండి. వారానికి ఐదుగురు పిల్లల గురించి ఒక్కో వాక్యం రాస్తే, నలభై మంది తరగతి ఎనిమిది వారాల్లో పూర్తవుతుంది. ‘జంటలో ఎదుటివాడి మాట పూర్తయ్యాక మాట్లాడాడు’ వంటి కనిపించిన సంగతులే రాయాలి, ‘మంచివాడు’ వంటి తీర్పులు కాదు.

11. పిల్లలు ప్రమాదకరమైన విషయం చెబితే

ఇలాంటి తరగతుల్లో ఎప్పుడో ఒకప్పుడు ఒక కాగితం మీద దెబ్బల గురించో, వేధింపుల గురించో, చచ్చిపోవాలని ఉందనో ఒక వాక్యం కనిపిస్తుంది. అప్పుడు మీరు ఇంగ్లిష్ ఉపాధ్యాయులు కారు, సలహాదారులూ కారు, బిడ్డకు దగ్గరలో ఉన్న పెద్దవారు మాత్రమే.

- ఆ వాక్యాన్ని తరగతిలో చదవవద్దు, దిద్దవద్దు.
- అదే రోజు, ఇతరులకు కనిపించే కానీ వినిపించని చోట, తెలుగులో మాట్లాడండి. గుచ్చి గుచ్చి ప్రశ్నించవద్దు.
- ‘ఎవరికీ చెప్పను’ అనవద్దు. ‘నీకు సాయం చేయగలవారికి మాత్రమే చెబుతాను’ అనండి.
- ప్రధానోపాధ్యాయునికి తెలియజేసి, తేదీతో రాసి ఉంచండి.
- లైంగిక వేధింపు అయితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఇంటి పరువు పేరుతో ఆపే అధికారం ఎవరికీ లేదు.
- పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416 నంబర్లు ఉచితం. వీటిని చార్టు మీద ముందే రాసి ఉంచడం మంచిది.

కారకులు బడిలోనివారే అయినా పద్ధతి మారదు. శారీరక శిక్షను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది.

12. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

నీతి బోధగా మారడం: పాఠం చివర ‘కోపం చెడ్డది’ అని ముగించడం. కోపం రావడంలో తప్పు లేదు, దానితో ఏం చేశామన్నదే ప్రశ్న. ఐదో ప్రశ్న దగ్గర ఆగిపోండి, తీర్పు పిల్లలకే వదిలేయండి.

చర్చ అంతా తెలుగులోనే సాగిపోవడం: ఆలోచన తెలుగులో జరగనివ్వండి, ఫలితం మాత్రం కనీసం ఒక్క ఇంగ్లిష్ వాక్యంగా రావాలి. ఇతర సబ్జెక్టుల పుస్తకాలే రెండు భాషల్లో ఉన్న రాష్ట్రంలో తెలుగు వాడటాన్ని తప్పుగా చూడనక్కరలేదు. అయితే వాక్యం పుట్టకుండా గంట కొడితే ఆ పీరియడ్ ఇంగ్లిష్ పీరియడ్ కాదు.

అవే నాలుగు గొంతులు వినిపించడం: జంటలో ముందు ఎవరు మాట్లాడాలో మీరే నిర్ణయించండి. ఈరోజు కిటికీ వైపు కూర్చున్నవారు, రేపు గోడ వైపువారు.

అబ్బాయిలు ‘నథింగ్’ అని తప్పించుకోవడం: వారిని నిలదీయకుండా క్రీడల సందర్భాలు ఇవ్వండి. చివరి ఓవర్‌లో క్యాచ్ వదిలేసిన ఆటగాడి గురించి ‘హి మైట్ బి ఎంబరాస్డ్’ అని రాయడానికి వారికి అభ్యంతరం ఉండదు. ప్రథమ పురుషలో కొన్ని వారాలు ఉండనివ్వండి.

పిల్ల ఏడవడం: కృత్యం ఆపి అందరూ చూసేలా ఓదార్చవద్దు. జంటకు రాత పని ఇచ్చి, ఆమెను నీళ్లు తాగి రమ్మని ఒక స్నేహితురాలితో పంపండి. పీరియడ్ తరువాత మాట్లాడండి.

పదో తరగతిలో జనవరి నుంచి అంతా వదిలేయడం: ఆ రోజుల్లో పూర్తి కృత్యాలు సాధ్యం కావు, నిజమే. ప్రవేశానికి కేటాయించిన నాలుగు నిమిషాలను మాత్రం ఉంచుకోండి. ప్రీ ఫైనల్ పేపర్లు ఇచ్చే రోజున ‘ఐ ఫీల్... అబౌట్ మై మార్క్స్ బికాజ్... నెక్స్ట్ టైమ్ ఐ విల్...’ అని మూడు భాగాలుగా రాయించండి. మార్కులు చూసుకున్నాక కాదు, పేపరు మడిచి ఉండగానే మొదటి భాగం, విప్పి చూశాక మిగిలిన రెండూ.